నడిచి తీయాలా, కూర్చుని తీయాలా?

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా బిలోలి, దెగ్లూరు వైపు బీళ్లలో పిట్టల ఫోటోలు తీస్తున్నానని తెలిసినప్పటి నుంచి మనవాళ్లు అడిగేది ఒక్కటే. "అన్నా, 400 లెన్స్ సరిపోతదా, 600 కొనాల్నా?" ఆ అంకెలు లెన్స్ మిల్లీమీటర్లు, అంకె పెద్దదైన కొద్దీ దూరపు పిట్ట పెద్దగా వస్తుంది. తిరుగుతూ తీస్తావా, ఒక్కచోట కూర్చుని తీస్తావా అని నేను ఎదురు అడుగుతాను. అది తేలితే లెన్స్ సంగతి సగం తేలినట్టే.

చిన్న లెక్క చూడండి. 600తో 20 మీటర్ల నుంచి తీస్తే పిట్ట ఫ్రేములో ఎంత వస్తుందో, 300తో 10 మీటర్ల నుంచి తీసినా అంతే వస్తుంది. పైగా మన బీళ్లలో ఇంకో తిరకాసు ఉంది. ఫిబ్రవరి దాటిందంటే పొద్దున తొమ్మిదిన్నరకే రాళ్ల మీంచి సెగ లేస్తుంది. దూరంగా ఉన్న పిట్ట ఆ సెగలో నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది, ఈకలన్నీ కలిసిపోతాయి. మధ్యలో ఉన్న వేడి గాలిని ఎంత ఖరీదైన లెన్సూ బాగుచేయలేదు. అందుకే నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది దూరం.

నడిస్తే ఆ దూరం తగ్గదు. రెండేళ్లు నడిచే తీశాను, హార్డ్ డిస్క్ నిండా తోకలే. తంగేడు పొదలో ప్రినియా అనే చిన్న పిట్ట కనిపిస్తుంది, మెల్లగా నాలుగడుగులు వేస్తాను, అది పక్క పొదలోకి పోతుంది. మళ్లీ నాలుగడుగులు. బీడులో చాటుకి ఏముంటుంది? నిలువెత్తు మనిషి ఎంత దూరం నుంచైనా కనిపిస్తాడు. అయినా నడకను తీసిపారేయను. కొత్త చోటికి వెళ్తే మొదటి రెండు మూడు రోజులు నడవాల్సిందే. పసిరిక అనే పచ్చ పిట్ట (మరాఠీవాళ్లు వేడా రాఘూ అంటారు) పురుగును పట్టుకుని మళ్లీ మళ్లీ ఏ ముళ్లకొమ్మ మీదికి వస్తుందో, ఏ రాయి మీద రెట్టలు తెల్లగా పేరుకున్నాయో తిరిగితేనే తెలుస్తుంది. నేల మీద తిరిగే భరతపక్షులకైతే ఒక ఠికానా ఉండదు, వాటికి నడకే దిక్కు.

నేను కూర్చునేది పశువుల నీళ్లతొట్టి దగ్గర. గింజలు తినే మునియాలకు, పిచ్చుకలకు ఎండాకాలం నీళ్లు కావాలి. పురుగులు తినే ప్రినియా అక్కడికి అంతగా రాదు, దాని కోసం అది రోజూ పాడే పొదకు ఎదురుగా కూర్చోవాలి. ఎండ వీపు మీద పడేలా, ఏడెనిమిది మీటర్ల దూరంలో, షేడ్ నెట్ కప్పుకుని నేల మీదే కూర్చుంటాను. నిలబడి తీస్తే పిట్ట వీపూ, దాని కింద మట్టీ వస్తాయి. కూర్చుంటే దాని కన్ను మన కన్నుకు ఎదురుగా వస్తుంది, వెనకున్న చేను మసకలో కలిసిపోతుంది.

మొదటి అరగంట చీమలు తప్ప ఏమీ రావు. మొన్న ఎండాకాలం నలభయ్యో నిమిషానికి మగ నల్లంచి (ఇండియన్ రాబిన్) వచ్చింది. తోక నిక్కబొడిస్తే కింద తుప్పు రంగు భలే కనిపించింది. రాయి మీంచి దిగి, గెంతుకుంటూ నా చెప్పు పక్కకే వచ్చేసింది. అప్పటి నా 600 జూమ్‌కు కనీసం 2.8 మీటర్ల దూరం ఉంటే గానీ ఫోకస్ పడదు. లెన్స్ గిర్రున తిరిగి తిరిగి ఊరుకుంది. అటుగా వచ్చిన గొర్రెల కాపరి, "ఏం సారు, గింత సేపు కూసుంటే ఒక్క పిట్టనా? అదీ ఫోటోల రాలేదా?" అని నవ్వాడు. గొర్రెలు తొట్టికి చేరాక ఇంక ఆ పూటకు ఏమీ దొరకదు. ఇప్పుడు ముందు రోజే ఆయన్ని టైము అడిగి పెట్టుకుంటున్నాను.

కారులోంచి తీయడం రోడ్డు పక్క కంచెల వరకు బాగానే ఉంటుంది, ఇంజిన్ ఆపితే చాలు. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించే పని మాత్రం నేను చేయను. తన చోటికి ఇంకో పిట్ట వచ్చిందనుకుని, లేని శత్రువు కోసం అది తిండి మానుకుని తిరుగుతుంది. గూడు దగ్గర కూర్చోవడమూ వద్దు.

ఇక లెన్స్. నడకే ఇష్టమైతే 600 కొనండి, దాదాపు రెండు కిలోల బరువు మోయడానికి సిద్ధపడండి. కూర్చునే ఓపిక ఉంటే 100-400 చాలు. నల్లంచి వచ్చిపోయిన వారానికే నేను నా 600 అమ్మేశాను. ఇప్పుడున్నది మీటరున్నర దూరంలోనూ ఫోకస్ పడుతుంది. నల్లంచి మాత్రం మళ్లీ అంత దగ్గరికి రాలేదు.