మూడు డబ్బాల డై పెనిట్రెంట్ కిట్: టెక్కలి వర్క్‌షాపులో వాడి చూశాక

కంటికి ఆనని పగుళ్లను బయటపెట్టే డై పెనిట్రెంట్ కిట్ గురించి ఈ రివ్యూ. ఒక డబ్బాలో క్లీనర్, ఒకదానిలో ఎర్రటి పెనిట్రెంట్, మూడోదానిలో తెల్లటి డెవలపర్. మూడూ స్ప్రే డబ్బాలే, కలిపి రెండు వేల లోపే అయ్యాయి. టెక్కలిలో మా మేనల్లుడికి లేత్, వెల్డింగ్ వర్క్‌షాపు ఉంది. చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల నుంచి క్రేన్ సామాన్లు, పొక్లెయిన్ పార్టులు రిపేరుకి వస్తుంటాయి. వాడి చేత నేనే కొనిపించాను. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల భాగాల్లో పగుళ్లు వెతికే పని చేసి రిటైరయ్యాను. ఆవ్రో, ఏఎన్-32 రవాణా విమానాలు ఓవర్‌హాల్‌కి వచ్చినప్పుడు విప్పిన భాగాలు మా బల్ల మీదకి వచ్చేవి. ఈ కిట్‌నీ అదే కంటితో చూశాను.

ముందే చెప్పేస్తాను. ఇనప పని చేసే ప్రతి షాపులోనూ ఇది ఉండాలి. కానీ గబగబా నాలుగు స్ప్రేలు కొట్టేసి "క్రాక్ లేదు, తీసుకెళ్లండి" అని చెప్పడానికైతే అసలు కొనకండి. ఆ మాట నమ్మినవాడు ఆ హుక్కు కిందే నిలబడతాడు.

మొదట పెట్టి చూసింది ఒక డెరిక్ క్రేన్ హుక్కు మీద. పసుపు రంగు వేసి ఉంది, లోపలి వంపులో రంగు అరిగి ఇనుము మెరుస్తోంది. అక్కడ గీతలు చాలానే ఉన్నాయి. "గొలుసు ఒరుసుకుని పడ్డ గీతలే కదేటి మావయ్యా" అన్నాడు మావాడు. చూపుకి అన్నీ ఒకేలా ఉన్నాయి, నిజమే. రంగంతా తీసి, శుభ్రం చేసి, పెనిట్రెంట్ కొట్టి అరగంట వదిలాం. తుడిచి డెవలపర్ పల్చగా కొట్టగానే వంపంతా సున్నం వేసినట్టు తెల్లబడింది. ఒకటి రెండు నిమిషాల్లో ఆ తెలుపులో ఒక్కచోట మాత్రం సన్నటి ఎర్ర గీత తేలింది. చిటికెన వేలి గోరంత పొడవు, వంపుకి అడ్డంగా. మిగతా గీతలన్నీ తెల్లగానే ఉన్నాయి. చూస్తుండగానే ఆ ఎరుపు రెండు పక్కలకీ పాకి లావైంది. గీతకి లోతు లేదు, పగులుకి ఉంది. లోతులో దాగిన రంగు పైకి వస్తూనే ఉంటుంది. ఆ తేడా మావాడు కళ్లారా చూశాడు. నేను వంద మాటలు చెప్పినా అంత బాగా అర్థమయ్యేది కాదు.

హుక్కు తెచ్చినాయన మాత్రం ఒప్పుకోలేదు. "నిన్నటి దాకా ఎత్తింది గదా, ఈరోజేటయిపోయింది?" అన్నాడు. నిన్నటి దాకా ఎత్తడమే దానికి వచ్చిన జబ్బు. ఒక్కసారి ఎత్తే బరువుకి ఇనుము విరగదు. ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం, ఇలా వేల సార్లు జరిగాక ఏ వంపులోనో, ఏ మర మూలలోనో చిన్న పగులు మొదలవుతుంది. తర్వాత ప్రతి ఎత్తుకీ కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మిగిలిన ఇనుము ఆ బరువు మోయలేని రోజున ఒక్కసారిగా తెగుతుంది. దీన్నే ఫెటీగ్ అంటారు. క్రేన్ హుక్కుకి పగులు వస్తే వెల్డింగ్ పెట్టకూడదు, మార్చాల్సిందే. చివరికి ఆయన మార్చాడు.

కిట్ వాడకంలో అందరూ తప్పు చేసే చోటు తుడవడం. పెనిట్రెంట్ కొట్టాక క్లీనర్ డబ్బా తీసుకుని నేరుగా పార్టు మీద స్ప్రే చేసేస్తారు. అలా చేస్తే పగులులోకి దిగిన రంగు కూడా కొట్టుకుపోతుంది, ఆ తర్వాత డెవలపర్ ఎంత కొట్టినా ఏమీ కనబడదు. ముందు పొడి గుడ్డతో తుడవాలి. తర్వాత క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని, ఆ తడి గుడ్డతో తుడవాలి. గుడ్డకి ఎరుపు దాదాపు అంటనంత వరకూ గుడ్డ మార్చి మార్చి చేయాలి. నూగు రాలని పాత కాటన్ గుడ్డ మంచిది.

రెండోది తొందర. ఫెటీగ్ పగులు నోరు చాలా సన్నం. పెనిట్రెంట్‌కి కనీసం పది నిమిషాలు ఇవ్వాలి, ఇలాంటి పగుళ్లకి ఇరవై ముప్ఫై నిమిషాలు ఇస్తేనే నాకు తృప్తి. డెవలపర్ కొట్టాక మొదటి నిమిషం నుంచీ చూస్తూ ఉండాలి, కానీ తీర్పు పది నిమిషాలు ఆగాకే చెప్పాలి. డెవలపర్ మందంగా కొడితే సన్న పగులు దాని కిందే ఉండిపోతుంది. జానెడుకి కొంచెం ఎక్కువ దూరం నుంచి పల్చగా చాలు.

మూడోది గ్రైండర్. రంగు, తుప్పు తీయడానికి మనవాళ్ల చేయి ముందు గ్రైండర్ మీదకే పోతుంది. రాపిడికి పై పొర సాగి పగులు నోటిని మూసేస్తుంది, అల్యూమినియం అయితే మరీను. రంగు తీసే ద్రావకంతో ఓపిగ్గా తీయండి.

పోత సామాను మీద చుక్కలు చుక్కలుగా ఎరుపు వస్తే అవి చాలా వరకు పోతలో మిగిలిన బొక్కలు. మర అంచుల్లో, బిగించి దిగ్గొట్టిన బుష్ చుట్టూ వచ్చే గీతలు కూడా మోసం చేస్తాయి. అనుమానం వచ్చిన చోట తుడిచేసి మొదటి నుంచీ మళ్లీ చేయండి, పది రెట్ల భూతద్దం పెట్టి చూడండి. ఉత్త ఇనుమే చూసే షాపులకి మ్యాగ్నెటిక్ పార్టికల్ యోక్ ఇంకా మెరుగు. పార్టుని అయస్కాంతంలా మార్చి, మీద చల్లిన ఇనప పొడి పగులు దగ్గర పోగయ్యేలా చేసే పరికరం అది. త్వరగా అవుతుంది, పై పొరకి కొంచెం కిందున్న పగులునీ చూపిస్తుంది. ధర చాలా ఎక్కువ, పైగా అల్యూమినియానికి, ఇత్తడికి పనికిరాదు. మా షాపులో అన్నీ వస్తాయి కాబట్టి ఈ కిట్టే సరిపోయింది.

ఇక విమానాల సంగతి. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి మా వైపు కుర్రాళ్లు చాలామంది ఈ పని గురించి అడుగుతున్నారు. వాళ్లకి మొదట చెప్పేది ఏమిటంటే, విమాన భాగాలు పాస్ చేయడానికి ఈ ఎర్ర రంగు వాడరు. అక్కడ వాడేది చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసెంట్ పెనిట్రెంట్. అది ఇంకా సన్నటి పగుళ్లని పట్టుకుంటుంది. ఎరుపు ఒకసారి పగులులోకి వెళ్తే ఆ తర్వాత ఫ్లోరసెంట్ వెలుగుని చంపేస్తుంది కూడా. అందుకే ఈ కిట్ పట్టుకుని విమానం పార్టు జోలికి వెళ్లకూడదు.

అంత మంచి ఫ్లోరసెంట్ రకంతో కూడా ఘోరాలు జరిగాయి. 1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానానికి తోక ఇంజన్‌లో ఫ్యాన్ రెక్కలు బిగించే టైటానియం డిస్క్ గాలిలో బద్దలైంది. ముక్కలు వెళ్లి విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనీ తెంపేశాయి. సూ సిటీలో దింపే ప్రయత్నంలో 296 మందిలో 112 మంది పోయారు. డిస్క్ తయారీ నాడే లోహంలో ఉండిపోయిన లోపం నుంచి ఫెటీగ్ పగులు పెరిగింది. చివరిసారి పెనిట్రెంట్ పరీక్ష చేసేనాటికే ఆ పగులు అర అంగుళం దగ్గర ఉండి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. విరిగిన అంచు మీద పెనిట్రెంట్ ఆనవాళ్లు కూడా దొరికాయి. అంటే ద్రవం పగులులోకి దిగింది, తన పని తాను చేసింది. చూడాల్సిన మనిషి కంటికి అది అందలేదు. ఈ పని చేసిన ఎవరికైనా ఆ వివరం చదివితే కడుపులో దేవినట్టు అవుతుంది. 1996లో అమెరికాలోనే పెన్సకోలాలో డెల్టా 1288 విమానం టేకాఫ్ తీసుకుంటుంటే ఇంజన్ ముందు హబ్, అంటే ఫ్యాన్ రెక్కలు బిగించే చక్రం, పగిలి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. అక్కడా పెనిట్రెంట్ పరీక్షలో పగులు దాటిపోయింది.

అందుకే మావాడికి ఒక షరతు పెట్టాను. ఈ పరీక్ష పొద్దున్నే చేయాలి, ఫోను పక్కన పెట్టాలి, పార్టు తెచ్చినవాడు నెత్తి మీద నిలబడి తొందరపెడితే చేయకూడదు. వేలాడదీసిన పార్టు అయితే తాడు తగిలిన చోటు కూడా తిప్పి చూడాలి. బొక్కల లోపలి గోడలు టార్చ్ వేసి చూడాలి. పగులు ఉండేది ఎప్పుడూ చేయి దూరని చోటే.

ఈ కిట్ అసలు చూపించలేనివీ ఉన్నాయి. పైకి నోరు తెరుచుకోని పగులు దీనికి దొరకదు. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. 29 ఏళ్లు నేవీలో ఎగిరిన విమానం అది. ఈసారి వెళ్తే రెక్కల మీద, ఒంటి మీద రివెట్ల వరసలు చూడండి. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కించి రివెట్లు కొట్టిన చోట పగులు తరచూ లోపల, రివెట్ తల కింద మొదలవుతుంది. ప్రయాణికుల విమానంలో అయితే ప్రతి ప్రయాణంలోనూ లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, దిగాక తగ్గుతుంది. ఒళ్లంతా ఒకసారి ఉబ్బి తగ్గినట్టే. కాబట్టి విమానం వయసు ఏళ్లలోనే కాదు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందో కూడా లెక్కపెట్టాలి. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా 243 అనే విమానం పైకప్పు ఆకాశంలో ఊడిపోయింది. ఆ బోయింగ్ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. అన్నీ చిన్న చిన్న దీవుల మధ్య ప్రయాణాలు, చుట్టూ ఉప్పు గాలి. రేకుల మధ్య అతుకు వదిలేసింది, వరసగా ఒక్కో రివెట్ దగ్గర పుట్టిన చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, మిగతా 94 మంది బతికారు. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసిందట, ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి అతుకుల దగ్గర ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌తో, అంటే లోహంలో కరెంట్ పుట్టించి అది పగులు దగ్గర మారడాన్ని పట్టే పరికరంతో, రివెట్ రివెట్‌కీ వెతకాలి. ఆ ప్రమాదం తర్వాతే పాత విమానాల తనిఖీ మీద 1991లో అమెరికాలో ప్రత్యేకంగా చట్టం వచ్చింది.

మన వర్క్‌షాపులకి ఇంకా దగ్గరగా తగిలే ప్రమాదం మరొకటుంది. పొక్లెయిన్ చేతికి పగులు వస్తే "మీద ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టీండి" అంటారు. టెక్కలే కాదు, రాజాం వెళ్లినా బొబ్బిలి వెళ్లినా ఇదే మాట. 1980 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో దిగుతుంటే చైనా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానం తోక నేలకి రాసుకుంది. గీతలు పడ్డ రేకుని సరిగా తీయకుండా దాని మీద ఇంకో రేకు వేసి రివెట్లు కొట్టారు. ఆ రేకు కింద గీతల్లోంచి పగుళ్లు పుట్టి 22 ఏళ్లు పెరిగాయి. బయటి నుంచి చూసినవాళ్లకి కనబడింది చక్కగా వేసిన అతుకే. 2002 మే 25న తైవాన్ జలసంధి మీద ఆ విమానం ముక్కలై 225 మంది పోయారు. పగులు మీద ప్లేటు వేస్తే పగులు పోదు, కనబడకుండా పోతుంది. ఈ కిట్‌తో నాకు నచ్చిన పెద్ద లాభం ఇక్కడే ఉంది. పగులు ఎక్కడి దాకా పాకిందో ఎర్ర గీత చివర దాకా చూపిస్తుంది. ఆ చివర దాటి రంధ్రం వేసి, పగులంతా గాడి తీసేసి, మళ్లీ పెనిట్రెంట్ కొట్టి ఎరుపు రాలేదని చూసుకుని అప్పుడు వెల్డింగ్ పెడుతున్నాడు మావాడు. ఎక్కువ టైం పడుతుంది, కొందరు కస్టమర్లు పక్క షాపుకి వెళ్లిపోయారు కూడా. అయినా ఆ పద్ధతి మార్చవద్దనే చెప్పాను.

మన ఎండల గురించి ఒక మాట. ఈ ద్రవాలు మామూలుగా 10 నుంచి 52 డిగ్రీల వేడి మధ్య వాడాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో పడేసిన ఇనుము అంతకంటే వేడెక్కుతుంది, పెనిట్రెంట్ పగులులోనే ఆరిపోతుంది. పార్టుని నీడకి తెచ్చి, చేయి ఆనించగలిగేంత చల్లబడ్డాకే మొదలుపెట్టండి. డబ్బాలు కూడా రేకుల షెడ్డులో పెట్టొద్దు. మూడూ నిప్పు అంటుకునేవే, పక్కన వెల్డింగ్ జరుగుతుంటే తీయొద్దు. గాలి ఆడే చోట, చేతికి గ్లౌజులతో వాడండి.

కొనేటప్పుడు తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ చూడండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు గడువు దగ్గరపడ్డ డబ్బాలు పంపాడు, తిప్పి పంపేశాం. మూడు డబ్బాలూ ఒకే కంపెనీవి, ఒకే వరసవి ఉండాలి. ఒకరి పెనిట్రెంట్, ఇంకొకరి డెవలపర్ కలపొద్దు. స్టెయిన్‌లెస్ పార్టులు చూసేవాళ్లు క్లోరిన్, సల్ఫర్ తక్కువని రాసి ఉన్న రకం తీసుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించడానికి కారణాలు రెండు. వాడే విధానం తెలుగులో ఒక్క ముక్క లేదు, వాడేవాళ్లలో సగం మంది ఇంగ్లీషు చదవలేరు. డెవలపర్ నాజిల్ ఊరికే పూడుకుపోతుంది. వాడే ముందు డబ్బాని బాగా కుదపాలి, వాడాక తలకిందులు చేసి ఒకసారి గాలి వదలాలి. క్లీనర్ మాత్రం ఇంకో డబ్బా అదనంగా తెచ్చుకోండి, మిగతా రెండూ సగం ఉండగానే అది అయిపోతుంది.