లీజియన్ గో ఎస్: పది నెలల వాడకంలో తేలిన ధర లెక్క

చేతిలో పట్టుకుని ఆటలాడే చిన్న కంప్యూటర్ లెనోవో లీజియన్ గో ఎస్‌ను, విండోస్ బదులు స్టీమ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన మోడల్‌లో, 2025 వేసవిలో అమెరికాలో కొన్నాను. అప్పటి నుంచి పది నెలలుగా దాదాపు ప్రతి రాత్రీ దానిపైనే ఆడుతున్నాను. జెడ్2 గో ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజీ ఉన్న ఈ మోడల్‌కు ఆ ఏడాది జనవరిలో ప్రకటించిన ధర, పన్ను కాక, 499.99 డాలర్లు. అదే ప్రాసెసర్, అంతే మెమరీ ఉన్న విండోస్ 11 మోడల్‌కు 599.99 డాలర్లు.

ఈ వంద డాలర్లనూ పూర్తిగా విండోస్ లైసెన్సు ఖాతాలో రాయడం న్యాయం కాదు, ఎందుకంటే ఆ మోడల్‌లో స్టోరేజీ 1 టీబీ. అయినా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రభావం లేదనలేము. స్టీమ్‌ఓఎస్‌ను రూపొందించే వాల్వ్ సంస్థ, స్టీమ్ అనే తన ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముడయ్యే ఆటల నుంచి సాధారణంగా 30 శాతం వాటా తీసుకుంటుంది కనుక, ఆ సంస్థ లాభం ఆపరేటింగ్ సిస్టమ్‌లో కాక ఆటల అమ్మకంలోనే ఉంది. పైగా ఈ యంత్రాల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని పంచుకుంటాయి. స్టీమ్‌ఓఎస్‌లో లాగా వెనుక నడిచే పనులు తక్కువగా ఉంటే 16 జీబీ ఉన్న చవక మోడల్‌తోనే సరిపెట్టుకోవచ్చు. నాకు ఇంతవరకు మెమరీ చాలలేదనిపించిన సందర్భం రాలేదు. ఆట మధ్యలో పవర్ బటన్ నొక్కి పక్కన పెడితే, మర్నాడు సరిగ్గా ఆపిన చోటే తెరుచుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

స్టీమ్‌ఓఎస్ లినక్స్‌పై ఆధారపడింది. విండోస్ కోసం తయారైన ఆటలను అది ప్రోటాన్ అనే పొర ద్వారా నడిపిస్తుంది. నా దగ్గరున్న ఆటలన్నీ అలాగే నడిచాయి. కానీ ఫోర్ట్‌నైట్ వంటి కొన్ని ఆన్‌లైన్ ఆటలు, మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్ కారణంగా, ఇందులో నడవవు. మైక్రోసాఫ్ట్ చందా సేవ అయిన గేమ్ పాస్ ఆటలను ఇన్‌స్టాల్ చేసుకోలేము, క్లౌడ్ ద్వారా మాత్రమే ఆడాలి. ఇలాంటి ఆటలు కావాలనుకునేవారు ఈ చవక మోడల్ కొని, తరువాత విండోస్ 11 హోమ్‌ను విడిగా కొంటే 139 డాలర్లవుతుంది, అంటే మిగిలిన వంద పోగా మరో 39 చేతినుంచి పడుతుంది. విండోస్ మోడల్ కొన్నవారికి ఈ ఇబ్బంది లేదు. కావాలంటే, వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్ (సిస్టమ్‌ను వేసుకునే ఫైలు)తో స్టీమ్‌ఓఎస్‌ను ఉచితంగానే వేసుకోవచ్చు. అందుకే, ఫోర్ట్‌నైట్ లేకుండా ఉండలేని మా తమ్ముడికి వంద ఎక్కువైనా విండోస్ మోడలే కొనమని చెప్పాను.