ఖాళీగా కనిపించిన ఇన్‌బాక్స్: సీమంకీ 2.53కు మారిన తరువాత

సీమంకీ 2.49 శ్రేణి నుంచి 2.53 శ్రేణికి నేను మారినది 2020లో, 2.53.1 విడుదలైన కొద్ది వారాలకు. అప్పటి నుంచి ఆ శ్రేణిలో వచ్చిన చిన్న వెర్షన్లను వేసుకుంటూ, రోజూ అందులోనే ఉత్తరాలు చదువుకుంటూ, జవాబులు రాసుకుంటూ వస్తున్నాను. బ్రౌజరు, మెయిలు, చిరునామాల పుస్తకం, వెబ్ పేజీలు తయారుచేసే కంపోజరు అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉంటాయన్న సంగతి దీనిని వాడేవారికి కొత్తగా చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ప్రోగ్రాము ఉత్తరాలను డిస్కు మీద దాచే తీరు గురించి మాత్రమే. దీని మీద నాకున్న మమకారమంతా అక్కడి నుంచే పుట్టింది, అది కూడా కొత్త వెర్షను తెరిచిన మొదటి గంటలోనే, ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపించడం వల్ల.

నా దగ్గరున్న ఉత్తరాలలో మొదటిది 2003 నాటిది. అప్పట్లో నేను వాడినది మొజిల్లా సూట్ 1.4. 1.7 శ్రేణి తరువాత ఆ సూట్‌కు కొత్త వెర్షన్లు ఉండవని మొజిల్లా ఫౌండేషన్ 2005 మార్చిలో ప్రకటించినప్పుడు, దానిని వదులుకోలేని స్వచ్ఛంద కార్యకర్తలు ఆ కోడును తమ చేతుల్లోకి తీసుకుని, 2006 జనవరి 30న సీమంకీ 1.0ను విడుదల చేశారు. 2009 అక్టోబరులో 2.0 వచ్చినప్పుడు ప్రొఫైలు, అంటే మన ఉత్తరాలు, బుక్‌మార్కులు, అమరికలు అన్నీ ఉండే ఫోల్డరు, ఉండే చోటు కూడా మారింది. అయితే పాత ప్రొఫైలును ఉన్నచోటనే ఉంచి, దానికి నకలు తీసి కొత్తచోట పెట్టే ఏర్పాటు చేశారు. ఇన్ని మార్పుల మధ్య మారనిది ఇన్‌బాక్స్ అన్న పేరుతో ఉండే ఒక్క ఫైలు. ఎంబాక్స్ అనే పాత పద్ధతిలో, వచ్చిన ఉత్తరాలన్నీ అందులో ఒకదాని కింద ఒకటిగా, ఏ టెక్స్ట్ ఎడిటర్‌తోనైనా తెరవగలిగిన మామూలు పాఠ్యంగా పేరుకుంటూ పోతాయి. ‘ఫ్రమ్’ అన్న మాటతో మొదలయ్యే ఒక పంక్తి వచ్చిందంటే అక్కడి నుంచి కొత్త ఉత్తరం మొదలైనట్లు. దాని పక్కనే, అదే పేరు చివర .ఎంఎస్ఎఫ్ అని తగిలించిన మరొక ఫైలు ఉంటుంది. అది సూచిక మాత్రమే: ఏ ఉత్తరం ఎవరి నుంచి వచ్చింది, ఏ తేదీది, ఫైలులో ఎక్కడ మొదలవుతుంది అన్న వివరాల పట్టిక. నెట్‌స్కేప్ 4 కాలంలో ఆ సూచిక పేరు చివర .ఎస్ఎన్ఎం అని ఉండేది. సూచిక తీరు మారింది గాని, ఉత్తరాల ఫైలు తీరు మారలేదు. తెర మీద మనకు కనిపించే జాబితా ఈ సూచికలోనిదే తప్ప ఉత్తరాల ఫైలులోనిది కాదన్న సంగతి నేను పదిహేడేళ్ళు వాడి కూడా గ్రహించలేదు.

కొత్త వెర్షను వేసుకునే ముందు ప్రొఫైలుకు నకలు తీసుకొమ్మని విడుదల పత్రంలో స్పష్టంగా ఉంది. నేను తీసుకున్నాను గాని, పాత వెర్షను ఇంకా తెరిచి ఉండగానే, అది కొత్త ఉత్తరాలు దించుకుంటున్న సమయంలోనే తీసుకున్నాను. ఆ నకలును కొత్త డిస్కులో పెట్టి, దాని మీదనే 2.53.1ను నడిపించాను. బుక్‌మార్కులు వచ్చాయి, దాచుకున్న పాస్‌వర్డులు వచ్చాయి, ఎడమ పక్కన ఫోల్డర్ల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. ఇన్‌బాక్స్ మీద నొక్కితే కుడి పక్కన తెల్లని ఖాళీ కనిపించింది. మొత్తం ఉత్తరాలు సున్నా అని ఉంది. మిగిలిన ఫోల్డర్లన్నీ నిండుగానే ఉన్నాయి. ప్రోగ్రామును మూసి తెరిచాను, సున్నా. కంప్యూటరును ఆపి మళ్ళీ వేసి చూశాను, అదే సున్నా.

నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాత డిస్కు అలాగే ఉందన్న ధైర్యం ఒక మూల ఉన్నా, ఆ ప్రొఫైలు కూడా ఇదే తీరున ఉంటే ఏమి చేయాలన్న భయంతో దానిని తెరవలేకపోయాను. చివరకు ప్రొఫైలులో మెయిలు ఉండే ఫోల్డరుకు వెళ్ళి ఫైళ్ళ పరిమాణాలు చూశాను. ఇన్‌బాక్స్ 1.4 జీబీ ఉంది. దాని పక్కనున్న .ఎంఎస్ఎఫ్ ఫైలు మాత్రం కొద్ది కేబీలే ఉంది. మిగిలిన ఫోల్డర్ల సూచికలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. సగం రాయబడి ఉన్న సూచికను నేను తొందరపడి నకలు తీశానని నాకు అప్పుడు అర్థమైంది. ఖాళీగా ఉన్నది పట్టికే గాని, పెట్టె కాదు.

ప్రోగ్రామును మూసివేసి, ఆ .ఎంఎస్ఎఫ్ ఫైలును పక్కకు తీసిపెట్టడం తప్ప నేను చేయవలసినది ఏమీ లేకపోయింది. ఫోల్డరు లక్షణాల పెట్టెలో సూచికను తిరిగి కట్టించే బొత్తాము ఒకటి ఉందని తరువాత తెలుసుకున్నాను. ఈ అవస్థ ఎదురైనవారు ముందుగా దానినే నొక్కి చూడటం మంచిది. మళ్ళీ తెరిచి ఇన్‌బాక్స్ మీద నొక్కగానే, సారాంశం తయారవుతున్నదన్న మాట కింది పట్టీలో కనిపించి, పక్కనున్న గీత మెల్లగా నిండటం మొదలుపెట్టింది. ఆ గీత చివరికి చేరేవరకు నేను కుర్చీలో నుంచి లేవలేదు. తరువాత 2003 నుంచి ఆ ఉదయం వరకు వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి.

ఈ కథ ఇంతటితో ముగిసి ఉంటే నేను ఈ సమీక్ష రాసి ఉండేవాడిని కాదు. సూచికను తొలగించడానికి ముందు, ఉత్తరాలు నిజంగా ఉన్నాయా లేదా అని చూసుకోవడానికి, పెద్ద ఫైళ్ళను తెరవగల ఒక ఎడిటరులో ఇన్‌బాక్స్‌ను తెరిచాను. పాఠ్యమంతా తెలుగు ఉత్తరాలదే అయినా అక్కడ తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు. యూనికోడ్ తెలుగులో ప్రతి సంకేతం, యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఫైలులో రాసినప్పుడు, మూడు బైట్లు తీసుకుంటుంది. మెయిలులో ప్రయాణం కోసం ప్రతి బైటునూ ఒక సమానపు గుర్తు, దాని వెనుక రెండు అంకెలు లేదా అక్షరాలుగా రాసే పద్ధతి ఒకటి ఉంది. ‘తప్పు’ అన్న చిన్న మాటలో త, ప, పొల్లు, ప, కొమ్ము కలిపి ఐదు సంకేతాలు ఉంటాయి కనుక, ఆ ఒక్క మాట ఫైలులో 45 గుర్తుల బారున కనిపిస్తుంది. తెలుగు మాటతో అందులో వెతికితే ఏదీ దొరకదు. తేదీతోనో, పంపినవారి మెయిలు చిరునామాతోనో వెతకవలసిందే. అలా 2011 నాటి పేజీలు దొర్లిస్తూ ఉండగా, మా మాస్టారి చిరునామా కంటబడింది.

ఆ ఏడాది నేను నా మొదటి వ్యాసాన్ని ఆయనకు పంపించాను. ఆయన దానిని పంక్తి పంక్తికీ దిద్ది, ఎక్కడ ఎందుకు తప్పానో వివరిస్తూ చాలా పెద్ద ఉత్తరం రాశారు. అప్పటి వయసులో నాకు అది మెచ్చుకోలు లేని ఉత్తరంగా మాత్రమే కనిపించింది. చిన్నబుచ్చుకుని దానిని తొలగించాను, ట్రాష్‌ను కూడా ఖాళీ చేశాను. ఆయన మాటల విలువ తెలిసివచ్చిన తరువాత ఆ ఉత్తరం కోసం ఎన్నిసార్లు వెతికానో చెప్పలేను. ఆయనను మళ్ళీ అడిగే అవకాశం కూడా అప్పటికి లేకుండా పోయింది.

తొలగించిన ఉత్తరం ఫైలులో ఎందుకు మిగిలిందన్నది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రోగ్రాములో నాకు అన్నిటికంటె ఇష్టమైన సంగతి అదే. ఇన్‌బాక్స్‌లోని ఉత్తరాన్ని తొలగించినప్పుడు దాని ప్రతి ట్రాష్‌లోకి వెళుతుంది గాని, అసలు ఉత్తరం ఇన్‌బాక్స్ ఫైలులో నుంచి అప్పటికప్పుడు చెరిగిపోదు. దాని తలభాగంలో ‘ఎక్స్-మొజిల్లా-స్టేటస్’ అనే వరుస ఒకటి ఉంటుంది. అందులోని నాలుగంకెల చోట తొలగించినట్లు గుర్తు పడుతుంది, అంతే. చదివిన ఉత్తరానికి 0001 అని ఉంటే, చదివి తొలగించినదానికి 0009 అని ఉంటుంది. ఆ గుర్తు ఉన్నవాటిని సూచికలో చూపించరు. అవి నిజంగా చెరిగిపోవడం, ఫోల్డరును కంపాక్ట్ చేసినప్పుడు, అంటే గుర్తులేని ఉత్తరాలను మాత్రమే ఏరి ఫైలును తిరిగి రాసినప్పుడు జరుగుతుంది. కంపాక్ట్ దానంతట అది జరిగే అమరికను నేను ఎన్నడో ఆపివేసి ఉంచాను. మాస్టారి ఉత్తరం మీద 0009 అని ఉంది.

ముందుగా ఇన్‌బాక్స్ ఫైలుకు మరొక నకలు తీసుకున్నాను, ఈసారి ప్రోగ్రాము మూసి ఉందని రెండుసార్లు చూసుకుని. ఆ నాలుగంకెలను 0000గా మార్చాను. అంకెల లెక్క మారకూడదు కనుక, ఉన్నవాటి మీదనే కొత్తవి రాశాను. కిందనే ఉండే ‘స్టేటస్2’ వరుసను ముట్టుకోలేదు. ఉత్తరంలో ఏముందో అప్పటికీ నాకు కనిపించడం లేదు, సమానపు గుర్తుల బారులే కనిపిస్తున్నాయి. సూచిక ఫైలును తొలగించి ప్రోగ్రామును తెరిచింది ఆ తరువాతనే. ఉత్తరాలన్నీ తిరిగి వచ్చినప్పుడు, 2011 వరుసలో, పాత ఉత్తరాల మధ్య, మాస్టారి పేరు మందపాటి అక్షరాలతో, ఇంకా చదవని ఉత్తరంలాగా నిలబడి ఉంది. 0000 అంటే చదవనిదని అర్థం. నేను దానిని ఆ రోజే మొదటిసారి చదివానని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పట్లో ఈ ఉత్సాహంలో పదిమందికి ఈ ప్రోగ్రామును వేసుకొమ్మని చెప్పాను, ఉత్తరాలు ఇందులో ఎక్కడికీ పోవని కూడా చెప్పాను. ఇన్నేళ్ళు వాడిన తరువాత ఆ మాటను కొంత సవరించుకోవాలి. ఎక్కడికీ పోవన్నది కంపాక్ట్ చేయనంతవరకే నిజం. కంపాక్ట్ చేయకుండా వదిలేస్తే, తొలగించిన ప్రకటనలూ, వాటికి తగిలించిన బొమ్మలూ అన్నీ ఫైలులోనే ఉండి అది ఉబ్బిపోతుంది. నా ఇన్‌బాక్స్ నకలు తీయడానికి పట్టే సమయం ఏటేటా పెరుగుతున్నది. అందుకని చెత్త ఉత్తరాల ఫోల్డరును, చర్చా బృందాల ఫోల్డర్లను నెలకొకసారి కంపాక్ట్ చేస్తూ, ఇన్‌బాక్స్‌ను మాత్రం వదిలిపెడుతున్నాను. పైగా నేను వాడేది ఉత్తరాలను సొంత డిస్కు మీదికి దించుకునే పాప్ పద్ధతి. ఐమ్యాప్ పద్ధతిలో అసలు ఉత్తరాలు ఉండేది సర్వరులో. మన దగ్గరున్నది ప్రతి మాత్రమే కనుక, అక్కడ చెరిగిపోయినదానిని ఇక్కడ అంకెలు మార్చి నిలబెట్టుకోవచ్చని నేను చెప్పలేను.

వెనక్కి తిరిగే దారి గురించి కూడా నేను మొదట తేలికగా మాట్లాడాను. కొత్త వెర్షను ముట్టుకున్న ప్రొఫైలును పాత వెర్షనుతో తిరిగి తెరవాలనుకోవడం క్షేమం కాదు. ఉత్తరాల ఫైలు ఒకటే అయినా, దాని చుట్టూ ఉండే అమరికల ఫైళ్ళు అలా కావు. అందువల్ల వెర్షను మారిన ప్రతిసారీ మొత్తం ప్రొఫైలుకు నకలు తీసి, తేదీ రాసి ఉంచుకుంటున్నాను.

బ్రౌజరు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2.53 శ్రేణికి పునాది ఫైర్‌ఫాక్స్ 56 కాలపు కోడు; ఆ తరువాతి భద్రతా సవరణలను, కొన్ని కొత్త సదుపాయాలను కార్యకర్తలు దానికి శ్రమపడి జోడిస్తూ వస్తున్నారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి యాడ్-ఆన్‌లకు, అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములకు, కాలం చెల్లినా, ఇక్కడ అవి పనిచేస్తాయి. నాకు అలవాటైన రెండు అందుకే ఇంకా నాతో ఉన్నాయి. కాని ఆ పునాది వల్లనే, సరికొత్త స్క్రిప్టుల మీద కట్టిన పేజీలన్నీ ఇందులో సరిగా తెరుచుకోవాలని ఆశించకూడదు. మొదటి ఏడాది నేను అన్నిటికీ దీనినే వాడాను. ఇప్పుడు వ్యాసాలు చదవడానికి, వెతుకులాటకు దీనిని ఉంచుకుని, లావాదేవీలు చేసే పేజీలకు వేరే బ్రౌజరును తెరుస్తున్నాను. అన్నీ ఒకే కిటికీలో ఉండటమే దీని గొప్ప అని ఒకప్పుడు నేను వాదించేవాడిని. ఆ వాదన ఇప్పుడు సగమే నిలుస్తుంది.

ఏళ్ళ తరబడి ఉత్తరాలను సొంత డిస్కు మీద దాచుకునేవారు, ఒక ఫైలును తెరిచి లోపల ఏముందో చూడటానికి వెనుకాడనివారు 2.53కు నిశ్చింతగా మారవచ్చు. నకలు తీసేటప్పుడు ప్రోగ్రాము మూసి ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చదువుకుంటూ, ఉత్తరాలను సర్వరుకే వదిలిపెట్టేవారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో నా అనుభవంతో చెప్పలేను. నా అవసరాలు వేరు, నా ఇన్‌బాక్స్ వేరు. అందులో నేను తెలిసీ తెలియక తొలగించినవి ఇంకా ఎన్ని ఉన్నాయో చూడాలని, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కొక్క ఏడాది చొప్పున ఆ ఫైలును చదువుతున్నాను. ప్రస్తుతం 2014లో ఉన్నాను.