చేత్తో వేసిన కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్ చీరలు అంటగడుతున్నారు, జాగ్రత్త

చేతివృత్తుల వస్తువుల కోసమే నడుపుతున్నామని చెప్పుకునే ఆన్‌లైన్ అంగళ్లలో కలంకారీ చీర కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. "శ్రీకాళహస్తి పెన్ కలంకారీ, పూర్తిగా చేతిపని, సహజ రంగులు, మూడు తరాలుగా మా కుటుంబం చేస్తున్న పని" అని రాసి ఉన్న చీరకు నేను రూ.7,800 చెల్లించాను. ఇంటికి వచ్చింది స్క్రీన్ ప్రింట్ చీర. అదే చీర, అదే ఫొటోతో, టోకు అమ్మకాల సైట్లలో రూ.650కి దొరుకుతోంది.

కొనేముందు అమ్మకందారును అడిగాను కూడా. "ఇది కలంతో వేసిందేనా, అచ్చుతో అద్దిందా?" అని స్పష్టంగా రాశాను. "నూటికి నూరు పాళ్లు కలంతోనే అండీ, మా నాన్నగారే వేస్తారు" అని జవాబు వచ్చింది. దానితో పాటు ఒక ఫొటో పంపారు. ఆకుపచ్చ గాజులు వేసుకున్న చెయ్యి, వేళ్ల మధ్య వెదురు కలం, కింద సగం గీసిన నెమలి. తర్వాత ఆ ఫొటోను గూగుల్‌లో పెట్టి వెతికితే అది ఏ నాన్నగారిదీ కాదని తేలింది. ఎవరో యాత్రికులు కొన్నేళ్ల కిందట తీసి తమ ప్రయాణ కథనంలో పెట్టుకున్న ఫొటో అది.

చీర గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం పట్టుబడేది అక్కడే. కొంగు మీద నెమళ్లు వరుసగా ఉన్నాయి. మొదటి నెమలి కంటి పక్కన నల్ల గీత ఒకచోట తెగి, ఆవగింజంత చుక్క విడిగా మిగిలింది. చేతిపనిలో అలా జరగడం సహజమే. కానీ రెండో నెమలికీ గీత అక్కడే తెగింది, అదే చుక్క అక్కడే ఉంది. మూడోదానికీ అంతే, చివరిదానికీ అంతే. మనిషి చెయ్యి ఒకే పొరపాటును వెంట్రుకవాసి తేడా లేకుండా అన్నిసార్లు చేయలేదు. చీర వెనక్కి తిప్పితే రంగు వెలిసిపోయినట్టు ఉంది, ముందువైపు వేలితో తడిమితే రంగు పొర బట్ట మీద పెచ్చులా తగులుతోంది. విప్పగానే కిరోసిన్ లాంటి వాసన.

అసలు పని ఎలా ఉంటుందో తెలిస్తే ఈ తేడా ఇట్టే పట్టుకోవచ్చు. శ్రీకాళహస్తిలో ముందుగా బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. అందుకే కొత్త చీరకు పాలవాసన ఉంటుంది, బొమ్మల వెనక ఖాళీగా ఉండే బట్ట నేల తెల్లగా కాక మీగడ రంగులో ఉంటుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో చిత్రం గీసుకుంటారు. వెదురు పుల్ల చెక్కి, దానికి ఉన్నో గుడ్డో చుట్టి దారంతో బిగించినదే కలం. ఆ చుట్టను వేలితో నొక్కుతూ ఉంటే రంగు కిందికి దిగుతుంది. నొక్కు ఎక్కువైతే గీత లావు, తగ్గితే సన్నం. నల్లరంగు ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టినది. దాన్ని కసిమి అంటారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, మంజిష్ట వంటి వేళ్లు, చెక్కలు వేసి ఉడకబెడతారు. పసుపు కరక్కాయ పువ్వుతో, నీలం నీలిమందుతో. ప్రతి రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం ఉంటుంది. నిండుగా పని ఉన్న చీరకు వారాలు పడుతుంది. అలాంటి చీర "పదిహేను సిద్ధంగా ఉన్నాయి, ఆరు రంగుల్లో దొరుకును, రేపే పంపిస్తాం" అని రాసి ఉంటే అది కలం పని కాదు.

మచిలీపట్నం దగ్గరి పెడనలో జరిగే పనిని నేను తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. మచిలీపట్నం కలంకారీ అని మనం పిలిచేది అక్కడ టేకు చెక్క అచ్చులతో చేత్తో అద్దేదే. అదీ చేతిపనే, దానికీ భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందేలా చట్టం ఇచ్చే జీఐ గుర్తింపు) ఉంది. అందులో బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది గానీ, అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర చిన్న ఖాళీయో, ఒకదాని మీదికి ఒకటి ఎక్కడమో కనిపిస్తుంది. అచ్చుపనిని అచ్చుపనిగా, దాని ధరకు అమ్మితే సంతోషంగా కొనుక్కోవచ్చు. కలంతో వేస్తూ రసాయన రంగులు వాడేవారూ ఉన్నారు. అందుకే చేతిపనేనా అన్నది ఒక ప్రశ్నగా, రంగులు సహజమైనవేనా అన్నది మరో ప్రశ్నగా విడివిడిగా అడగాలి.

వెనక్కి తిప్పి చూడటం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పలుచని నూలు బట్ట మీద స్క్రీన్ ప్రింట్ కూడా వెనక్కి దిగుతుంది, మందపాటి పట్టు మీద అసలైన కలం పనే పూర్తిగా దిగకపోవచ్చు. గీతల్లో తేడా, నేల రంగు, వాసన, అన్నీ కలిపి చూడండి. గులాబీ, ఊదా, మెరిసే చిలకపచ్చ కనిపిస్తే సహజ రంగులన్న మాట నమ్మనక్కర్లేదు. కొనేముందు మీకు పంపబోయే చీరనే, ముందూ వెనకా, పగటి వెలుతురులో వీడియో తీసి పంపమనండి. పనిచేసేవాళ్లు నాలుగు మాటలు ఎక్కువే చెబుతూ పంపిస్తారు. తిరిగి అమ్మేవాళ్లు "మా పాలసీ ఒప్పుకోదు" అంటారు. శ్రీకాళహస్తి కలంకారీ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుగా నమోదయ్యారా అని కూడా అడగండి. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఆ పేరును తప్పుడు సరుకుకు తగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. చేతిపనుల కోసమే 2005లో అమెరికాలో మొదలైన ఆన్‌లైన్ అంగడి ఎట్సీ, 2013 నుంచి బయటి తయారీదారుల సాయం తీసుకోవడానికి అమ్మకందారులను అనుమతిస్తోంది. 2022 ఏప్రిల్‌లో కమీషన్ 5 నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు అక్కడి అమ్మకందారులు వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. సరుకు కొని తిరిగి అమ్మేవాళ్లను అదుపు చేయాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. 2024 నుంచి వస్తువును అమ్మకందారు స్వయంగా చేశారా, రూపకల్పన మాత్రమే చేశారా, ఏరి తెచ్చి అమ్ముతున్నారా అన్న లేబుళ్లు కనిపిస్తున్నాయి. పెద్ద అక్షరాల వర్ణన కన్నా ముందు ఆ లేబుల్ చదవండి.

నాకు కోపం నా డబ్బు గురించి మాత్రమే కాదు. దాదాపు కనుమరుగవుతున్న ఈ విద్యను, చేతివృత్తుల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు పూనుకుని శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించి నిలబెట్టారు. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. నిజంగా నెల రోజులు కూర్చుని వేసినవారు తమ చీర ధర చెబితే, "ఆన్‌లైన్‌లో సగానికే ఉంది కదా" అని కొనేవాళ్లు బేరమాడుతున్నారు. ఆ సగం ధర చీర ఏమిటో పైన చెప్పాను.

ఇక మోసపోయినవారు ఏం చేయాలి? "చేతిపనికి వాపసు లేదు" అని నాకు అమ్మకందారు తెగేసి చెప్పారు, అంగడివాళ్లు యంత్రం రాసిన జవాబులే పంపుతూ పోయారు. ఆ మాట చెల్లదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అంగడి నడిపేవారు ఫిర్యాదు అధికారి పేరు చూపించాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ నియమాన్ని ఉటంకిస్తూ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాకే నా డబ్బు తిరిగి వచ్చింది. ప్రకటన పేజీ, అమ్మకందారుతో నడిచిన సంభాషణ, పార్శిల్ విప్పుతుండగా తీసిన వీడియో నా దగ్గర ఉన్నాయి కాబట్టి వాదన అక్కడితో ఆగింది. ప్రకటనలో మాటలు రాత్రికి రాత్రే మార్చేస్తారు, డబ్బు కట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆ దుకాణం ఇప్పుడు పేరు మార్చుకుని, అదే గాజుల చేతి ఫొటోతో, అదే నెమళ్ల చీరను మళ్లీ అమ్ముతోంది. ఇంతకుముందే కొన్నవారు ఉంటే బీరువాలోంచి చీర తీసి నెమలి కన్ను చూడండి. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, రూ.5 లక్షల లోపు సరుకుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు.