యాన్యువల్ డే గ్రూప్ సాంగ్ ప్యాకేజీ: ట్రాకులు బాగున్నాయి, కానీ ఎవరి గొంతుకి?

నాచారం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. సంగీతం టీచరు మానేసి రెండేళ్లయింది, కొత్తవాళ్లని పెట్టలేదు, తెలుగు టీచరుకి పాటలు ఎలాగూ వస్తాయన్న ధైర్యంతో గ్రూప్ సాంగ్ నా నెత్తిన పెట్టారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 32 మంది, ప్రోగ్రాం సికింద్రాబాద్ హరిహర కళాభవన్‌లో, చేతిలో ఆరు వారాలు. అందుకని పాట వాళ్లే ఎంచి, ట్రాక్ (వెనక వాయించే సంగీతం రికార్డింగు) ఇచ్చి, స్కూలుకొచ్చి నాలుగు క్లాసులు చెప్పే ప్యాకేజీ ఒకటి 9,000 రూపాయలకి మాట్లాడుకున్నాం. పేరు రాయను. ఆ తర్వాత తెలిసిన ముగ్గురు టీచర్లని అడిగితే వాళ్లు వేరేచోట తీసుకున్నా కథ ఇంచుమించు ఇదే. అయిదుకి రెండున్నర ఇస్తున్నా, అందులో రెండు ఒక్క కీబోర్డు అబ్బాయివే.

ముందుగా వాట్సాప్‌లో 12 పాటల లిస్టు వచ్చింది. ఎనిమిది సినిమా పాటలు, మూడు హిందీ దేశభక్తి పాటలు, ఒకటి ‘జయ జయహే తెలంగాణ’. అందెశ్రీ రాసి కీరవాణి బాణీ కట్టిన ఆ పాట 2024లో రాష్ట్ర గీతమైంది, మా పిల్లలకి నోటికి వచ్చు. కానీ దాన్ని రంగురంగుల లైట్ల కింద ఒక ఐటమ్‌లా పాడించడం నాకు నచ్చదు, అందరూ లేచి నిలబడి పాడుకోవాల్సిన పాట అది. మిగతా లిస్టు ఎలా తయారుచేశారండీ అంటే, “ఇవన్నీ హిట్ మేడమ్, ఏ స్కూల్లో వేసినా చప్పట్లే” అన్నారు. మీ పిల్లల వయసెంత, మగపిల్లలెందరు, గొంతు మారుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఒక్కటీ అడగలేదు. కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టిచ్చినట్టు.

మొదటి క్లాసు వాళ్లు ఎంచిన సినిమా పాటతోనే. పల్లవి కింది పంచమం దగ్గర మొదలై చరణంలో పై గాంధారం దాకా ఎక్కుతుంది, లెక్కపెడితే 13 స్వరాలు. మంచి గాయని స్టూడియోలో పాడితే ప్రాణం లేచొస్తుంది, కాదనను. మావాళ్లు పల్లవిలో వినబడలేదు, చరణంలో అరిచారు. వెనక వరసలో ఏడుగురు మగపిల్లలు పెదాలు కదిపారు తప్ప పాడలేదు. ప్యాకేజీవాళ్లు పంపిన మాస్టారు అది అల్లరనుకుని ఇద్దర్ని బయట నిలబెట్టాడు. లంచ్‌లో తొమ్మిదో తరగతి వాడొకడు నా దగ్గరకొచ్చి, “మేడమ్, పైకి ఎత్తితే కప్పలా వస్తోంది, అందరూ నవ్వుతున్నారు” అన్నాడు. పాపం, ఎంత టెన్షన్ పడ్డాడో.

ఈ వయసు పిల్లలకి పాట ఎంచాలంటే అసలు తెలుసుకోవాల్సింది ఇదే. 12 నుంచి 14 ఏళ్ల మధ్య చాలామంది మగపిల్లల్లో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంతువులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత దూరం, కిందికి దిగుతుంది. రాత్రికి రాత్రి కాదు, నెలల తరబడి. ఆ మధ్యకాలంలో వాళ్లకి అమ్మాయిలు పాడే స్థాయి అందదు, నాన్నలు పాడే స్థాయి ఇంకా రాదు, నడిమధ్యలో ఓ అయిదారు స్వరాలు మాత్రం నికరంగా పలుకుతాయి. ఆడపిల్లల గొంతు కూడా ఈ వయసులో కొంచెం మారుతుంది, గాలి కలిసినట్టు బొంగురుగా వస్తుంది, కాకపోతే పెద్దగా తెలియదు. ఇలాంటి 32 గొంతులకి 13 స్వరాల పాటిస్తే ఎవరో ఒకరు మూగనోము పట్టాల్సిందే. మొత్తం పాట ఏడెనిమిది స్వరాల్లో తిరిగితే చాలు, పై చివర్లో ఎక్కువసేపు నిలబెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

శ్రుతి తగ్గించి ఇవ్వండి అని ఫోన్ చేస్తే ట్రాకుకి 800 ఎక్స్‌ట్రా అన్నారు. మా కంప్యూటర్ ల్యాబ్ సార్ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేగం మారకుండా అయిదున్నర శ్రుతి నుంచి నాలుగు శ్రుతికి దింపి ఇచ్చాడు, తబలా కాస్త డోలులా మోగింది, సర్దుకుపోవచ్చు. అయినా లాభం లేకపోయింది. చరణం దారికొస్తే పల్లవి మరీ అడుగుకి పోయింది, ఆడపిల్లలు గొణుగుతున్నట్టుంది. శ్రుతి ఎంత జరిపినా పాట వెడల్పు తగ్గదు కదా! ఆ పాట మానేశాం.

రెండో పాట నేనే చెప్పాను, గురజాడ 1910లో రాసిన ‘దేశమును ప్రేమించుమన్నా’. పాతదే, పిల్లలు మొహం చిట్లించారు, నిజమే. కానీ గ్రూప్‌కి అంత చక్కగా అమరే నడక దొరకడం కష్టం. ముత్యాలసరం అనే ఛందస్సు కదా, మూడు నాలుగు, మూడు నాలుగు మాత్రలుగా (మాత్రంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సమయం) నడుస్తుంది: దేశ, మునుప్రే, మించు, మన్నా. పిల్లలచేత మూడుకోసారి నాలుగుకోసారి చప్పట్లు కొట్టిస్తే పది నిమిషాల్లో పట్టేశారు, క్లాసులో ఛందస్సు చెప్తే నిద్రపోయేవాళ్లతో సహా. ప్యాకేజీవాళ్లు దానికి చేసిన ట్రాక్ వచ్చాక గుండె జారింది. ఏడు మాత్రల నడకని ఎనిమిదికి లాగి, వెనక కవాతు డ్రమ్ములు వేశారు. ప్రతి విరుపు దగ్గరా ఒక మాత్ర ఖాళీ, పిల్లలు ఆ సందులో ముందుకెళ్లిపోతారు, డ్రమ్ము వెనకపడుతుంది. “ట్రెండీగా ఉంటుందని” అట. ఆ ట్రాక్ పక్కన పడేసి, నేను శ్రుతిపెట్టె పెట్టుకుని, ఒకబ్బాయి చేత డప్పు వేయించాను.

ఇక కీబోర్డు అబ్బాయి సంగతి. మూడో క్లాసుకి పెద్ద మాస్టారు రాలేక ఒక కుర్రాణ్ణి పంపారు, ఇరవై రెండేళ్లుంటాయేమో. అతను రాగానే ట్రాక్ పెట్టలేదు. ఒక్కొక్కర్ని పిలిచి పేరు, తరగతి, నిన్నేం తిన్నావు అని మామూలుగా మాట్లాడించాడు, మాట ఎక్కడ పలుకుతుందో విని మూడు గుంపులు చేశాడు. ఇది మొదటి రోజే జరగాల్సింది! తర్వాత మోహన రాగంలో నాలుగు లైన్ల చిన్న పాట ఒకటి సొంతంగా కట్టి, మొదటి గుంపు రెండో లైనుకి రాగానే రెండో గుంపు చేత మొదటి లైను ఎత్తించాడు. ఒకే పాట ఒకదాని వెనక ఒకటి తరుముకుంటుంటే పిల్లల కళ్లు చూడాలి. మోహనమే ఎందుకయ్యా అంటే, అందులో మధ్యమం, నిషాదం ఉండవు, ఒకదానికొకటి ఆనుకుని ఒరుసుకునే స్వరాలు లేవు, ఎవరు ఎక్కడ కలిసినా పెద్దగా గీసుకోదు అన్నాడు. ఇది అన్ని రాగాలకీ కుదరదు, అడిగినవాళ్లకి ముందే చెప్తున్నా.

వెనక వరసలో పెదాలు కదిపిన ఆ ఏడుగురికీ షడ్జమం (స), పంచమం (ప) రెండే ఇచ్చాడు. గురజాడ పాటలో ప్రతి రెండు లైన్లకోసారి వాళ్లు వంత అందుకోవాలి, అంతే. బుర్రకథ చూసినవాళ్లకి, బతుకమ్మ ఆడినవాళ్లకి ఇది కొత్తేం కాదు, ఒకరు చెప్పడం, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవడం మనకి పుట్టుకతో వచ్చిందే. బృందగానం అంటే అందరూ ఒకే గొంతుతో అన్నీ పాడాలని ఎవరు చెప్పారో గానీ, కప్ప గొంతు వాడు ఆ రెండు స్వరాల్లో ఖంగుమన్నాడు.

ప్రోగ్రాం రోజు సంగతి క్లుప్తంగా: స్పీకర్లు జనం వైపు ఉంటాయి కాబట్టి ట్రాక్ మీద ఆధారపడిన పక్క స్కూలు పిల్లలకి స్టేజీ మీద సరిగా వినబడలేదు, అర లైను తేడాతో పాడారు. మా డప్పు పిల్లల పక్కనే ఉంది, బతికిపోయాం. వీడియో అప్‌లోడ్ చేసేవాళ్లకి ఇంకో మాట, పోయినేడు సినిమా పాట పెడితే కాపీరైట్ పేరుతో శబ్దం తీసేశారు, ఈసారి ఆ గొడవ లేదు.

టైముకి రావడంలో ఈ ప్యాకేజీవాళ్లకి సున్నా, హబ్సిగూడ ట్రాఫిక్ అని రెండుసార్లు నలభై నిమిషాలు లేటు. తీసుకునేవాళ్లు డబ్బు కట్టేముందే పిల్లల గొంతులు విని పాట చెప్తారా, శ్రుతి మార్చడం ప్యాకేజీలో ఉందా, ఈ రెండూ రాతలో అడగండి. కుదిరితే ఆ కుర్రాణ్ణే పంపమనండి. మాకు నాలుగో క్లాసు ఇంకా బాకీ ఉంది, మూడుసార్లు మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.