గోడో ఇంజన్‌లో ఎన్యూమ్: తలుపుకు భేష్, కావలివాడికి చాలదు

వీడియో గేములు తయారు చేసే గోడో ఇంజన్ ఉచితమని అందరూ చెబుతారు. కడపలో డిప్లొమా విద్యార్థులకు పాఠం చెప్పే నాకు అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి: దీన్ని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, జిప్ విప్పి నడిపితే చాలు. తెరపై బొమ్మ గీసే భాగంగా కంపాటిబిలిటీ రెండరర్ ఎంచుకుంటే ఓపెన్‌జీఎల్ 3.3 అనే గ్రాఫిక్స్ ప్రమాణం ఉన్న పాత కంప్యూటర్లూ సరిపోతాయి. అయితే నాకు బాగా నచ్చింది ఇందులోని జీడీస్క్రిప్ట్ భాషలో ఉన్న ఎన్యూమ్, అంటే ఒక వస్తువు ఉండగల స్థితులను పేర్ల జాబితాగా రాసుకునే పద్ధతి.

మా పిల్లలు గండికోట నేపథ్యంగా చిన్న ఆట తయారు చేస్తున్నారు. అందులో ధాన్యాగారం తలుపు ఉంది. మూసి ఉంది, తెరుచుకుంటోంది, తెరిచి ఉంది, మూసుకుంటోంది, విరిగింది అని దానికి అయిదు బూలియన్లు (అవును/కాదు విలువలు) పెట్టారు. అంటే 32 కలయికలు. అర్థమున్నవి 5 మాత్రమే. తెరిచీ మూసీ ఉన్న తలుపును ఏ వడ్రంగి చేస్తాడు? అవే అయిదు పేర్లు ఎన్యూమ్‌లో రాసి, ఒకే వేరియబుల్‌లో ఉంచితే మిగతా 27కూ చోటే ఉండదు. ఆ వేరియబుల్‌కు ఎక్స్‌పోర్ట్ అనే గుర్తు తగిలిస్తే ఇన్‌స్పెక్టర్ అనే సెట్టింగుల పలకలో ఆ పేర్లు జాబితాగా కనిపిస్తాయి. బొమ్మలు గీసే అమ్మాయి కోడ్ ముట్టకుండానే తలుపు స్థితి మార్చగలదు.

లోపాలకు వస్తే, ఈ ఎన్యూమ్ పైకి పేరు, లోపల ఉత్త అంకె. ప్రింట్ చేస్తే 2 అని వస్తుంది. పేరు కావాలంటే ఫైండ్‌కీ అనే ఫంక్షన్ వాడాలి. ఆటలోని దృశ్యాన్ని దాచే సీన్ ఫైలులోనూ అంకే నిల్వ ఉంటుంది. కాబట్టి ‘తాళం వేసి ఉంది’ అనే కొత్త స్థితిని జాబితా మధ్యలో చొప్పిస్తే, దాని తరువాతివన్నీ ఒక మెట్టు జరిగి, పాత సీన్లలోని తలుపుల స్థితి తారుమారవుతుంది. కొత్త పేరు చివర చేర్చాలి, లేదా ప్రతి పేరుకూ అంకెను మనమే కేటాయించాలి. పాఠం మొదట్లోనే నేనిది బోర్డు మీద రాస్తాను.

ఇంకో లోటు పెద్దది. ఏ స్థితికి ఏం చేయాలో చెప్పే మ్యాచ్‌లో ఒక స్థితిని వదిలేస్తే జీడీస్క్రిప్ట్ కిమ్మనదు, ఆ తలుపు ఊరికే నిలబడిపోతుంది. రస్ట్ భాష అలాంటి కోడ్‌ను కంపైలే చేయదు. గోడోలో మాత్రం చివరన మిగిలినవన్నీ పట్టే అండర్‌స్కోర్ (_) శాఖ పెట్టి, అందులో ఎర్రర్ సందేశం మనమే రాసుకోవాలి. నేర్చుకునేవారి చేతికిచ్చే పనిముట్టులో ఈ కాపలా లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

కోట కావలివాడి సంగతి వేరు. అతనికి దాహం, గాయం, భయం ఒకేసారి ఉండవచ్చు; ‘ఏదో ఒకటే’ అనే ఎన్యూమ్ అక్కడ పనికిరాదు. ఆ మూడింటికీ 1, 2, 4 విలువలిచ్చి ఎక్స్‌పోర్ట్ ఫ్లాగ్స్ వాడితే ఇన్‌స్పెక్టర్‌లో ఒక్కోదానికి విడిగా టిక్కు పెట్టుకునే గడులు వస్తాయి. తిరగడం, వెంబడించడం, వెనుదిరగడం వంటివి మాత్రం ఎన్యూమ్‌లోనే ఉంచండి. ఒక్కో స్థితికి సొంత టైమరు, సొంత లెక్కలు మొదలైతే ఒక్కోదానికి వేరే క్లాసు (విడి కోడ్ భాగం) రాయడమే మేలు.

తలుపులకు, దీపాలకు, మెనూలకు అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. కావలివాడికి రెండున్నర.