ఆయాకు జీతం కోత లేని సిక్ లీవ్: ఏళ్లుగా పాటిస్తున్న మా అనుభవం

మా బాబు బోర్లా పడే వయసులో ఆయాను పెట్టుకున్నాం. ఇప్పుడు వాడు బడికెళ్తున్నాడు. మొదటి నుంచీ ఒప్పందం ఒకటే: ఒంట్లో బాగోకపోతే రావద్దు, జీతం కోయం. మామూలు సెలవులు దీనికి వేరు. ఆవిడ చేరిన రోజే కాగితం మీద రాసుకున్నాం. ఇళ్లలో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 201వ సిఫారసు కూడా అనారోగ్య సెలవు గురించి షరతుల్లో రాయమనే అంటుంది. మీరుండే చోట చట్టం ఇంతకన్నా ఎక్కువిస్తే అదే పాటించాలి.

కోత భయం ఉంటే ఎవరైనా పారాసిటమాల్ వేసుకుని వచ్చేస్తారు. మధ్యాహ్నానికి జ్వరం తిరగబెడుతుంది, అప్పటికి బిడ్డ ఆమె ఒళ్లోనే ఉంటాడు. మా ఆయాకు ఆ భయం లేదు. గొంతు గరగరమన్న రాత్రే ఫోన్ చేసి, "రేపు నా మీద ఆశ పెట్టుకోకండమ్మా" అనేస్తుంది. ఆ రాత్రి వ్యవధి దొరకడమే నాకు కొండంత అండ. ఒకటి రెండు రోజులకు డాక్టరు చీటీ అడగం. అడిగితే ఆ నమ్మకం పోతుంది.

మళ్లీ ఎప్పుడు రావాలన్నది కూడా రాసుకోవాలి. జ్వరమైతే, మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకూడదు. వాంతులు, విరేచనాలైతే పూర్తిగా ఆగాక 48 గంటలు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అనే క్రిమి తగ్గాక కూడా అంటుకుంటుంది, దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లే గతి. మా వాడి నుంచి ఆవిడకు అంటుకున్న జబ్బయితే ఆ రోజులు సెలవుల లెక్కలో కలపం. ఈ షరతు అందరూ పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇబ్బంది లేదనను. ఆవిడ జీతంతో పాటు బదులు వచ్చే మనిషికీ ఇచ్చుకోవాలి. పైగా కొత్త మొహం చూస్తే పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు. అందుకే ఆయా బాగున్న రోజుల్లోనే ఆ రెండో మనిషిని అప్పుడప్పుడూ పిలిచి, ఇద్దరి మధ్యా వాణ్ణి ఆడించి అలవాటు చేశాం.

ఆపరేషన్ లాంటి సుదీర్ఘ సెలవుకు మాత్రం ఇది చాలదు. ఎన్ని వారాలు పూర్తి జీతం, తర్వాత ఎంత, ఉద్యోగం అట్టే పెడతామా లేదా అన్నవి విడిగా మాట్లాడుకోవాలి. మేం ఏటా జీతం పెంచే నెలలో ముగ్గురం కూర్చుని ఆ కాగితం తిరగరాస్తాం.